థేమ్స్ వాటర్: నీళ్ళకు నాలుగు మార్కులు, లెక్కలకు ఒకటి

థేమ్స్ వాటర్ అంటే లండన్‌కూ చుట్టుపక్కల ఊళ్ళకూ నీళ్ళిచ్చి, మురుగు తీసుకెళ్ళే బ్రిటన్ ప్రైవేటు కంపెనీ. ముందు కుళాయి సంగతి. ఫిల్టరు అక్కర్లేదు, కాచి చల్లార్చనక్కర్లేదు, నీళ్ళొచ్చే టైముకు లేచి బిందెలు నింపుకునే పనీ లేదు. లండన్, రెడింగ్, స్లౌ, స్విండన్ వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ. నెల తిరక్కుండానే కెటిల్ అడుగున తెల్లటి గార కడుతుంది, టీ మీద సన్నటి తెట్టు తేలుతుంది. వెనిగర్ పోసి గంటసేపు ఉంచితే గార వదిలిపోతుంది. ఒంటికి ఏ హానీ లేదు. నీళ్ళకు ఐదింట నాలుగు మార్కులు ధైర్యంగా ఇవ్వొచ్చు.

కంపెనీ సంగతి వేరు. కరెంటు కంపెనీ నచ్చకపోతే ఫోన్‌లోనే మార్చేసుకోవచ్చు. ఇంటి నీళ్ళకు ఆ వీలు లేదు, ఏ ఏరియాలో ఇల్లు తీసుకుంటే ఆ కంపెనీయే. వ్యాపారాలకు మాత్రం ఇంగ్లండ్‌లో 2017 నుంచి రిటైలర్‌ను ఎంచుకునే హక్కు ఉంది. 2025-26లో థేమ్స్ సగటు ఇంటి వార్షిక బిల్లు 31 శాతం పెరిగి 639 పౌండ్లకు చేరింది. వెళ్ళిపోయే దారి లేని వినియోగదారుడికి ఓనర్ ఎవరన్నదే అసలు ప్రశ్న.

1989లో థాచర్ ప్రభుత్వం ఇంగ్లండ్, వేల్స్‌లలోని పది ప్రాంతీయ నీటి సంస్థలను ప్రైవేటుకు అమ్మింది. అమ్మే ముందు వాటి పాత అప్పు సుమారు 500 కోట్ల పౌండ్లు మాఫీ చేసింది. అంటే కొన్నవాళ్ళ చేతికి అప్పుల్లేని కంపెనీలు వచ్చాయి. థేమ్స్ తర్వాత జర్మనీ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ చేతికి వెళ్ళింది, 2006లో ఆస్ట్రేలియా పెట్టుబడి సంస్థ మక్వారీ నడిపిన ఇన్వెస్టర్ల బృందానికి వచ్చింది. 2017లో మక్వారీ పూర్తిగా బయటపడే నాటికి అప్పు దాదాపు మూడు రెట్లయింది. 2025 నాటికి అది 1,600 కోట్ల పౌండ్లు దాటేసింది.

సీఈఓ జీతాల మీద జనం కోపం న్యాయమైనదే. కానీ బిల్లు పెరగడానికి ఆ జీతమే కారణమనుకుంటే లెక్క తప్పినట్టే. 2024 జనవరిలో చేరిన క్రిస్ వెస్టన్ మూల జీతం ఏడాదికి 8.5 లక్షల పౌండ్లు. థేమ్స్ సేవలందుకునేవాళ్ళు సుమారు 1.6 కోట్ల మంది. భాగిస్తే తలకు ఐదు పెన్నీలు. ఇప్పుడు రెండో లెక్క: 2025లో కోర్టు అనుమతితో తెచ్చుకున్న అత్యవసర అప్పు పరిమితి 300 కోట్ల పౌండ్లు, వడ్డీ 9.75 శాతం. మొత్తం వాడుకుంటే ఏడాది వడ్డీ 29.25 కోట్లు, తలకు 18 పౌండ్లు. ఇది ఒక్క అప్పు మీదే.

ఇక్కడో మెలిక ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఈ వడ్డీ నేరుగా బిల్లులోకి ఎక్కదు. నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ ధర కట్టేటప్పుడు అసలు కంపెనీని చూడదు. వంద పౌండ్ల ఆస్తికి 55 పౌండ్లే అప్పున్న ఒక ఊహా కంపెనీని పెట్టుకుని లెక్క వేస్తుంది. థేమ్స్ అసలు అప్పు నిష్పత్తి 80 శాతం పైన. ఆ తేడా మీద పడే వడ్డీని కంపెనీ తన డబ్బులోంచే కట్టుకోవాలి. చేతిలో డబ్బు లేనప్పుడు వెనక్కి జరిగేది పైపుల మార్పిడి, మురుగు శుద్ధి కేంద్రాల విస్తరణ. దాని ఫలితమే వాన పడితే నదిలో కలిసే మురుగు. 2025 మేలో ఆఫ్‌వాట్ వేసిన 12.27 కోట్ల పౌండ్ల జరిమానాలో ఎక్కువ భాగం మురుగు నిర్వహణకే, కొంత డివిడెండ్ల (వాటాదారులకు పంచే డబ్బు) నియమాలు తప్పినందుకు.

మరి జీతం గొడవ అనవసరమా? కాదు. ఐదు పెన్నీల కన్నా సీఈఓ బోనస్ దేనికి ముడిపడిందన్నదే ముఖ్యం. వెస్టన్‌కు మొదటి మూడు నెలలకే 1.95 లక్షల పౌండ్ల బోనస్ వచ్చింది. ఇలాంటివి చూడాలంటే వార్షిక నివేదికలో ‘రెమ్యునరేషన్ రిపోర్ట్’ తెరవాలి. అందులో జీతం, పెన్షన్, ఏడాది బోనస్, దీర్ఘకాల ప్రోత్సాహకం వేర్వేరు గళ్ళలో ఉంటాయి. కింద లక్ష్యాల పట్టికలో కాలుష్యానికి ఎంత వెయిటేజీ, ఆర్థిక లక్ష్యాలకు ఎంత అని చూస్తే సంస్థ మనసు తెలిసిపోతుంది. ఆ పేజీ చాలు, మిగతా రంగు బొమ్మల పేజీలు తిప్పేయండి.

2025లో వచ్చిన చట్టం కింద థేమ్స్‌తో కలిపి ఆరు కంపెనీల పై అధికారులకు బోనస్ నిషేధించారు. చట్టం పట్టుకున్నది పనితీరుకు ముడిపెట్టిన చెల్లింపును, మూల జీతాన్ని కాదు. పైగా యార్క్‌షైర్ వాటర్ సీఈఓకు మాతృ సంస్థ నుంచి రెండేళ్ళలో 13 లక్షల పౌండ్లు విడిగా అందాయని అదే ఏడాది బయటపడింది. తలుపు మూస్తే కిటికీ తెరిచారు.

ప్రభుత్వానిదైతే అన్నీ బాగుంటాయా అంటే, అదీ చెప్పలేం. స్కాటిష్ వాటర్ ప్రభుత్వ సంస్థ, అప్పు స్కాట్లాండ్ ప్రభుత్వం దగ్గరే తీసుకుంటుంది. కానీ మురుగు ఎక్కడ ఎంతసేపు వదిలారో చెప్పే మానిటర్లు ఇంగ్లండ్‌లో దాదాపు ప్రతి అవుట్‌లెట్‌కూ ఉండగా, అక్కడ తక్కువ. వేల్స్ నీళ్ళ సంస్థకు 2001 నుంచి వాటాదారులే లేరు. అయినా లీకేజీ లెక్కలు తప్పుగా చూపినందుకు 2024లో దాదాపు 4 కోట్ల పౌండ్ల భారం మోయాల్సి వచ్చింది. మన హైదరాబాద్ జలమండలి ప్రభుత్వానిదే, ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఎండాకాలంలో ట్యాంకర్ బుకింగ్ మాత్రం తప్పదు.

యాజమాన్యం మన చేతిలో లేదు, మీటరు మాత్రం ఉంది. ఫుట్‌పాత్ మీద చిన్న మూత లేపితే చలికి అడ్డుగా థర్మాకోల్ బిళ్ళ ఉంటుంది, దాని కిందే మీటరు. నల్ల అంకెలు ఘనమీటర్లు (ఒక్కోటి వెయ్యి లీటర్లు), ఎర్ర అంకెలు లీటర్లు. పడుకునే ముందు ఫొటో తీయండి, పొద్దున్నే నీళ్ళు వాడకముందు మళ్ళీ తీయండి. ఎర్ర అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. వంటింటి సింకు కింద మెయిన్ వాల్వ్ కట్టేసి మళ్ళీ చూడండి. ఇంకా తిరుగుతుంటే లీకు భూమిలోని పైపులో ఉంది, ఆగిపోతే ఇంట్లో. ఇంట్లో అయితే చాలావరకు దోషి టాయిలెట్ ఫ్లష్ వాల్వే. రెండు బటన్ల సిస్టర్న్‌లో (ఫ్లష్ ట్యాంకు) రబ్బరు సీలు కింద గార చేరి సరిగ్గా మూసుకోదు. రోజుకు 200 నుంచి 400 లీటర్లు చప్పుడు లేకుండా పోతాయి. ట్యాంకులో నాలుగు చుక్కలు ఫుడ్ కలర్ వేసి అరగంట ఫ్లష్ చేయకుండా చూస్తే బేసిన్‌లో రంగు దిగుతుంది.

ఇంటి పైకప్పు వాన నీరు మురుగు కాలువలోకి కాక తోటలోని ఇంకుడు గుంతలోకి పోతుంటే, బిల్లులో ‘సర్ఫేస్ వాటర్ డ్రైనేజ్’ ఛార్జీకి మినహాయింపు అడగొచ్చు. అడిగితేనే ఇస్తారు, వాళ్ళంతట వాళ్ళు తీసేయరు. రాతపూర్వక ఫిర్యాదుకు పది పని దినాల్లో జవాబు రావాలి. ఎనిమిది వారాలైనా తెగకపోతే, నీటి వినియోగదారుల తరఫున నిలిచే కన్స్యూమర్ కౌన్సిల్ ఫర్ వాటర్‌కు వెళ్ళండి, దానికి ఫీజు లేదు. ఫోన్‌లో మాట్లాడినా తర్వాత ఒక ఈమెయిల్ పంపి పెట్టండి, ఆ వారాలు లెక్కించడానికి తేదీ కావాలి కదా.