అరటి తొక్క బూడిద: పని భేష్, ప్యాకింగ్ వేస్ట్

పైపెరిడీన్ కంపు భరించలేక దాని బదులు వాడదామని ఈ అరటి తొక్క బూడిద పొడి తెప్పించాను. నోవెనాగెల్ కండెన్సేషన్‌కి (ఆల్డిహైడ్‌ని ఇంకో అణువుతో కలిపి, నీటిని బయటికి పంపే చర్య) మామూలుగా వాడే క్షారం ఆ పైపెరిడీనే మరి.

వాడటం తేలికే. పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, కాసేపు తిప్పి వడగడితే లేత పసుపు నీళ్లు దిగుతాయి. పీహెచ్ పేపర్ ముంచితే ముదురు నీలం. అందులో బెంజాల్డిహైడ్, మాలోనోనైట్రైల్ (విషం, గ్లవ్స్ తప్పనిసరి) వేసి, వేడి లేకుండానే స్టిర్రర్ మీద పెట్టాను. నూనె బొట్లలా తేలుతున్న ఆల్డిహైడ్ చూస్తుండగానే మసకబారి, తెల్లటి పొడి అడుగుకి చేరింది. ఇథనాల్‌లో రీక్రిస్టలైజ్ చేస్తే 83 డిగ్రీల దగ్గర శుభ్రంగా కరిగింది, అంటే సరుకు శుద్ధంగానే ఉంది. శుద్ధి కోసం సిలికా కాలమ్ వేసే గొడవే లేదు. అన్నట్టు, ఆ తెల్లటి పొడిని ముక్కు దగ్గర పెట్టుకోకండి, టియర్ గ్యాస్‌లో వాడేది దీని క్లోరిన్ చుట్టమే.

డబ్బా మీద ‘కెమికల్ ఫ్రీ’ అని చూసి నవ్వొచ్చింది. అరటి తొక్కలో పొటాషియం దండిగా ఉంటుంది, కాలిస్తే చాలావరకు పొటాషియం కార్బొనేట్, కొంత క్లోరైడ్ మిగులుతాయి. పని చేసేది ఆ కార్బొనేటే. సీసాలోని మామూలు పొటాషియం కార్బొనేట్‌ని అదే పీహెచ్‌కి కలిపి పక్కనే పెట్టి చూశాను. టీఎల్‌సీ ప్లేట్ (చర్య ఎంతవరకు జరిగిందో మచ్చల రూపంలో చూపేది) మీద తేడా ఏమీ కనపడలేదు. అలాంటప్పుడు బూడిద ఎందుకంటే, పారేసే తొక్క పనికొస్తోంది కాబట్టి. దీనికోసమే మఫిల్ ఫర్నేస్ (ల్యాబ్ కరెంటు కొలిమి) గంటల తరబడి వెలిగిస్తే మాత్రం ఆ కరెంటు లెక్క కూడా చూసుకోవాలి.

సుజుకి కప్లింగ్‌కీ (పల్లాడియంతో రెండు కార్బన్ ముక్కల్ని అతికే చర్య) పనికొస్తుంది. లిగాండ్ (పల్లాడియంకి తోడుగా వేసే పదార్థం) లేకుండా, గది ఉష్ణోగ్రత దగ్గరే ఈ బూడిద నీళ్లలో అవుతుందని అస్సాం పరిశోధకులు 2015లోనే చూపించారు. పల్లాడియం మాత్రం వేయాల్సిందే, బూడిద దాని పని చేయదు.

ఇక కంప్లయింట్లు. మూత బిగుతుగా లేదు. ఈ పొడి గాల్లో తేమ లాగేసుకుంటుంది, అడుగున గడ్డ కట్టేసింది. అంతకంటే చిరాకు, లేబుల్ మీద బ్యాచ్ నంబర్ లేదు, క్షార బలం ఎంతో లేదు. తర్వాత వచ్చిన ప్యాకెట్‌ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో టైట్రేట్ చేస్తే మొదటిదానికంటే బాగా తక్కువ తేలింది. గ్రాముల లెక్కన తూచి వేసేవాళ్లకి ఒకసారి వచ్చిన ఫలితం ఇంకోసారి రాదు.

డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్‌కైతే కళ్లు మూసుకుని కొనండి. కైనెటిక్స్ (చర్య వేగం కొలిచే పని) చేసేవాళ్లు సీసా కార్బొనేటే వాడండి. ఐదుకి మూడు స్టార్లు, మూత మారిస్తే నాలుగు.