నాలుగు సెంటీమీటర్ల మనిషికి కొత్త వేషాలు: లెగో కలెక్టబుల్ మినీఫిగర్ల సమీక్ష

ఒకదానికొకటి అతికే ప్లాస్టిక్ ఇటుకల ఆటవస్తువులు తయారుచేసే లెగో సంస్థ, కలెక్టబుల్ మినీఫిగర్ల పేరుతో విడివిడిగా అమ్మే చిన్న మనిషి బొమ్మలను ఈ సమీక్షలో నేను పిల్లల ఆటవస్తువులుగా చూడటం లేదు. వాటిని విడదీసి, రంగులు మార్చి, కొత్త వేషాలు కట్టి, కెమెరా ముందు నిలబెట్టి ఫొటోలు తీసే పెద్దవాళ్ళకు అవి ఎంతవరకు పనికివస్తాయన్నదే ఇక్కడ చూడవలసిన సంగతి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పనికి ఇంతకంటే మంచి ముడిసరుకు నాకు ఇంతవరకు కనబడలేదు. అందుకు కారణం ఆ బొమ్మ చేయగలిగిన పనులకంటే చేయలేని పనుల్లోనే ఎక్కువగా ఉంది. అమ్మకం పద్ధతి మాత్రం మనలాంటి కొనుగోలుదారులకు ఏమాత్రం అనుకూలంగా లేదు.

డెన్మార్క్‌లోని బిల్లుండ్ పట్టణంలో 1932లో మొదలైన ఈ సంస్థ 1975లో చేతులు, కాళ్ళు కదలని, ముఖం కూడా లేని చిన్న మనుషులను తయారుచేసింది. యెన్స్ నీగార్డ్ క్నుడ్సెన్ రూపకల్పనలో 1978లో వచ్చిన బొమ్మతోనే ఇప్పుడు మనకు తెలిసిన మినీఫిగర్ పుట్టింది. అప్పటినుంచి ఇప్పటివరకు ఆ ఆకారం, ఆ కొలతలు దాదాపు మారలేదు కాబట్టి ఆనాటి తలను తెచ్చి ఈనాటి మొండెం మీద పెట్టినా అది చక్కగా కూర్చుంటుంది. వేషాలు మార్చడమే పనిగా పెట్టుకున్నవాడికి ఇంతకు మించిన సౌకర్యం లేదు, ఎందుకంటే నలభై ఏళ్ళకు పైగా తయారైన తలలు, జుట్లు, టోపీలు, మొండేలు, కాళ్ళు అన్నీ ఒకే పెట్టెలోని భాగాల్లా ఒకదానికొకటి అతుకుతాయి.

బొమ్మ ఎత్తు సుమారు నాలుగు సెంటీమీటర్లు. తల చుట్టూ తిరుగుతుంది, భుజం దగ్గర చెయ్యి పైకీ కిందికీ తిరుగుతుంది, మణికట్టు తిరుగుతుంది, కాళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. కదలిక అంతటితో సరి. మోచెయ్యి వంగదు, మోకాలు వంగదు, చేతులు పక్కకు చాపడం గాని, గుండెల మీద కట్టుకోవడం గాని సాధ్యం కాదు. మన కొండపల్లి కళాకారులు తెల్ల పొణికి చెక్కతో గీత కార్మికుడిని చెక్కేటప్పుడు అతడిని తాటిచెట్టు మీదే నిలుపుతారు. మనిషి వృత్తి ఏమిటో ఒంటి వంపును బట్టే తెలిసిపోతుంది. మినీఫిగర్‌తో ఆ దారి మూసుకుపోయినట్టే. అదే గీత కార్మికుడిని నేను మినీఫిగర్‌గా తయారుచేసినప్పుడు చెట్టెక్కించే ఆలోచన మానుకుని, చెట్టు మొదట్లో నిలబెట్టి, నడుముకు మోకు చుట్టి, ఒక చేతికి లొట్టి ఇచ్చి, తలను కొద్దిగా పైకెత్తినట్టు కనబడేలా బొమ్మ మొత్తాన్ని వెనక్కి వాల్చవలసి వచ్చింది. ఒంటితో చెప్పలేనిదాన్ని వస్తువుతోను, నిలబడిన చోటుతోను, వెలుగుతోను చెప్పవలసి రావడమే ఈ అభిరుచికి ప్రాణం. మోచేతులు, వేళ్ళు కూడా వంగే ఖరీదైన యాక్షన్ ఫిగర్లతో ఫొటోలు తీసేవాళ్ళు భంగిమ సరిచేయడంలోనే సగం సమయం గడిపేస్తారు. మినీఫిగర్ దగ్గర ఆ పని ఒక నిమిషంలో ముగుస్తుంది, మిగిలిన సమయమంతా చిత్రానికే దక్కుతుంది.

ఇక అమ్మకం సంగతి. 2010లో వచ్చిన మొదటి సిరీస్‌లో పదహారు బొమ్మలుండేవి, 2021 నుంచి మామూలు సిరీస్‌కు పన్నెండే వస్తున్నాయి. లోపల ఏ బొమ్మ ఉందో పైకి తెలియదు. సంచుల్లో అమ్మిన రోజుల్లో వేళ్ళతో తడిమి, ఇది కత్తి, ఇది గిటారు అని గుర్తుపట్టగలిగేవాళ్ళం. 2023 నుంచి అట్టపెట్టెలు రావడంతో ఆ వీలు కూడా పోయింది. ప్లాస్టిక్ సంచి వాడకం తగ్గించడం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. కాని ఒక ప్రత్యేకమైన జుట్టు కోసమో, ఒక రంగు కాళ్ళ కోసమో వెతికే మనిషి గుడ్డిగా పెట్టెలు కొనుక్కుంటూ పోవడం డబ్బు దండుగ. అందుకే ఈ బొమ్మలను పెట్టెగా కొనవద్దనీ, విడి భాగాలుగా కొనమనీ నా సలహా. 2000లో మొదలై, 2019లో లెగో సంస్థ చేతికే వచ్చిన బ్రిక్‌లింక్ అనే అంతర్జాల సంతలో తల వేరుగా, మొండెం వేరుగా, చేతిలోని గరిటె వేరుగా దొరుకుతాయి. మన దేశానికి తెప్పించుకుంటే తపాలా ఖర్చు, సుంకం బొమ్మ ధరను మించిపోవచ్చు కాబట్టి ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

పెట్టెలో వచ్చే సరుకు నాణ్యత గురించి చెప్పాలంటే, అచ్చులో కచ్చితత్వం అబ్బురపరుస్తుంది. చేతి పట్టులో 3.2 మిల్లీమీటర్ల కడ్డీ బిగువుగా కూర్చుంటుంది. సొంతంగా పనిముట్లు తయారుచేసుకునేవాళ్ళు పిడిని ఆ కొలతకే చెక్కుకోవాలి, సన్నగా ఉంటే జారిపోతుంది, లావుగా ఉంటే పిడికిలి విచ్చుకుని చీలుతుంది. లోపాలు లేకపోలేదు. ముదురు రంగు మొండెం మీద మెడ భాగంలో అచ్చువేసిన ఒంటి రంగు, పైనున్న తల రంగుకంటే పాలిపోయి ఉంటుంది. చేతిలో పట్టుకుని చూస్తే ఇది కంటికి ఆనదు గాని, చాలా దగ్గరినుంచి తీసే మాక్రో లెన్సు ముందు తలా మెడా ఇద్దరు వేర్వేరు మనుషులవిలా కనబడతాయి. జుట్టుతోనో, మెడలో కండువాతోనో కప్పడం తప్ప దీనికి సులువైన ఉపాయం లేదు. పాత స్టాకులో ఎరుపు కలిసిన గోధుమరంగు, ముదురు ఎరుపు భాగాలు పెళుసుగా ఉండి విరుగుతాయన్నది సేకర్తలందరికీ తెలిసిన సంగతే. వాడిన భాగాలు కొనేటప్పుడు ఆ రంగుల విషయంలో జాగ్రత్త అవసరం.

వేషం మార్చడంలో మొదటి మెట్టు భాగాల మార్పిడి. కత్తి, రంగు ఏదీ తాకించకుండా, సంస్థ తయారుచేసిన భాగాలను మాత్రమే అటూ ఇటూ మార్చి కొత్త మనిషిని సృష్టించేవాళ్ళను ప్యూరిస్టులంటారు. వారి నియమాన్ని నేను గౌరవిస్తాను గాని, తెలుగువాడి వేషం కట్టాలంటే అది చాలదు. సంస్థ మొదట్లో అందరికీ పసుపు రంగు ముఖమే ఇచ్చింది. 2003 నుంచి సినిమాలు, క్రీడలకు సంబంధించిన బొమ్మలకు సహజమైన ఒంటి రంగులు రావడం మొదలైంది. మన ఛాయకు దగ్గరగా ఉండే తలలు ఇప్పుడు నాలుగైదు రకాల గోధుమరంగుల్లో దొరుకుతున్నాయి. తలతోపాటు పిడికిళ్ళు కూడా అదే రంగులో తెచ్చుకోవాలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పిడికిలి తేలిగ్గా ఊడివస్తుంది, తిరిగి బిగుసుకుంటుంది. చెయ్యిని మొండెం నుంచి పదేపదే పీకకూడదు, చంక కింద సన్నటి పగులు మొదలై పైకి పాకుతుంది.

చీర కట్టిన స్త్రీని తయారుచేయడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, అన్నిటికంటే కష్టమైనది కూడా. కాళ్ళకు బదులు లంగా ఆకారంలోని ఏటవాలు భాగం పెడితే కింది సగం తీరుతుంది. పమిట కోసం గుడ్డ ముక్క వాడితే ఆ కొలతలో మడతలు దుప్పటిలా లావుగా పడతాయి, అందువల్ల డెకల్, అంటే నీళ్ళలో తడిపి కాగితం నుంచి జరిపి అంటించే పల్చటి అచ్చు బొమ్మ, తప్పదు. మొండెం ముందువైపు వెడల్పు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లే. ఆ జాగాలో పోచంపల్లి ఇక్కత్ నమూనాను ఉన్నదున్నట్టు దించితే మసక మచ్చ తప్ప ఏమీ మిగలదు. మంగళగిరి చీరలా ఒకే రంగు నేత, పక్కన ఒక్క జరీ గీత అయితే ఇంత చిన్న కొలతలోనూ చీరగానే గుర్తుపడతాం. ఇంటి ప్రింటర్లు తెల్ల రంగు అచ్చువేయలేవు కాబట్టి పారదర్శకమైన డెకల్ కాగితం మీద తీసిన జరీ గీత ముదురు ఆకుపచ్చ మొండెం మీద పడగానే మాయమవుతుంది. అలాంటి చోట తెల్లటి డెకల్ కాగితమే వాడాలి, అంచులను గీతకు ఆనించి కత్తిరించాలి. ఇంక్‌జెట్ అచ్చయితే నీళ్ళలో వేసేముందు పారదర్శక వార్నిష్ చల్లి పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే రంగు కరిగిపోతుంది. తడిసిన డెకల్‌ను కుంచె కొసతో మొండెం మీదికి జరిపి, మధ్యనుంచి అంచులవైపు నీటిని నెమ్మదిగా నొక్కి తీయాలి. కింద చిక్కిన గాలి తరువాత వెండి రంగు మచ్చగా తేలుతుంది, ఆరిన తరువాత దాన్ని పోగొట్టడం చాలా కష్టం.

పాత అచ్చును చెరపడానికి ఇత్తడి సామాను తోమే బ్రాసో పాలిష్‌ను దూదికి అద్ది ఓపికగా రుద్దడం మంచి పద్ధతి, ప్లాస్టిక్ మెరుపు కూడా పోదు. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ఉండే అసిటోన్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వకూడదు. మినీఫిగర్ మొండెం ఏబీఎస్ ప్లాస్టిక్, అసిటోన్ దాన్ని కరిగించేస్తుంది. తలపాగా, కొప్పు లాంటివాటిని ఎపాక్సీ ముద్దతో మలుచుకోవచ్చు. ముద్దను నేరుగా తల మీద అంటించకుండా ఒక పాత జుట్టు భాగం మీద మలిస్తే, ఆ తలపాగాను తీసి ఇంకో బొమ్మకు పెట్టుకునే వీలుంటుంది. యాక్రిలిక్ రంగులు పలచటి పూతలుగా వేయాలి, కీళ్ళు రాసుకునే చోట అసలే వేయకూడదు.

ఫొటో దగ్గరికి వస్తే, ఈ బొమ్మతో వచ్చే మొదటి చిక్కు దాని మెరుపు. బల్బు వెలుగు నేరుగా పడితే గుండ్రటి తల మీద తెల్లటి చుక్క ఏర్పడి కన్నునో నోటినో మింగేస్తుంది. దీపానికి, బొమ్మకు మధ్య వంటింటి బటర్ పేపర్ కట్టి, ఎదురుగా తెల్లటి థర్మాకోల్ ముక్క నిలబెడితే ఆ చుక్క మెత్తటి వెలుగుగా పరచుకుంటుంది. రెండో చిక్కు స్పష్టత లోతు. ఇంత దగ్గరగా తీసినప్పుడు లెన్సు రంధ్రాన్ని బాగా తెరిచి ఉంచే ఎఫ్ 2.8 దగ్గర ముఖం స్పష్టంగా ఉంటే చాచిన చెయ్యి మసకబారుతుంది, పైగా వెనకంతా కరిగిపోయిన చిత్రం చూడగానే ఇది బొమ్మ అని చెప్పేస్తుంది. రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య, లెన్సును బొమ్మ కంటి ఎత్తుకు దించి తీస్తే నాలుగు సెంటీమీటర్ల మనిషి నిలువెత్తు మనిషవుతాడు. ఫోన్ వాడేవాళ్ళు మాక్రో మోడ్‌ను పక్కన పెట్టి, కొంచెం దూరం జరిగి టెలిఫొటో లెన్సుతో తీయడం మంచిది. చాలా ఫోన్లలో మాక్రో పనిచేసేది అల్ట్రావైడ్ లెన్సుతో, అంత దగ్గరికి వెళితే ఫోన్ నీడే బొమ్మ మీద పడుతుంది.

మంచు దృశ్యాలకు ప్రసిద్ధుడైన ఫిన్లాండ్ ఫొటోగ్రాఫర్ వేసా లేహ్తిమాకి చిత్రాలను గమనిస్తే, దృశ్యంలోని గాలి, పొడి, మసక కూడా బొమ్మ కొలతకు తగ్గట్టుగా ఉండాలన్న సంగతి బోధపడుతుంది. మనకు మంచు లేదు గాని అగరబత్తి ఉంది. బొమ్మ వెనక, ఫ్రేముకు కింద ఒక అగరబత్తి వెలిగించి, వెనకనుంచి దీపం వేసి, ఫ్యాను ఆపి అర నిమిషం ఆగితే పొగ పల్చటి పొరగా విడిపోయి తెల్లవారుజామున పొలం మీది పొగమంచులా కనబడుతుంది. దట్టంగా వచ్చే సాంబ్రాణి పొగ ఈ కొలతకు పనికిరాదు. బయట తీయడానికి హైదరాబాదు చుట్టుపక్కల రాళ్ళను మించినవి లేవు, ఎందుకంటే పిడికెడు గ్రానైట్ ముక్క కూడా దగ్గరినుంచి చూస్తే గుట్టంత బండ లాగే పగుళ్ళు, మరకలు చూపిస్తుంది. వానాకాలంలో ప్రహరీగోడ మీద పట్టిన నాచు బొమ్మ పాదాల దగ్గర దట్టమైన పచ్చికబయలవుతుంది. ఎక్కడ తీసినా షట్టర్ నొక్కేముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. ముఖం మీద ఒక్క నూలుపోగు ఉన్నా ఆ చిత్రంలో అది తాడంత లావుగా వస్తుంది.

టోకు బజార్లలో దొరికే పేరులేని నకలు బొమ్మల గురించి చాలామంది అడుగుతుంటారు. పాత ఇటుక మీద పేటెంటు ఎప్పుడో ముగిసింది కాబట్టి దానికి అతికే ఇటుకలు ఇతర సంస్థలు తయారుచేయడంలో తప్పులేదు. మినీఫిగర్ ఆకారం సంగతి వేరు. దాని మీద లెగోకున్న ట్రేడ్‌మార్కును 2015లో యూరోపియన్ జనరల్ కోర్టు సమర్థించింది. నైతికత అలా ఉంచి, పని పరంగా చూసినా నేను వాటిని సిఫారసు చేయను. మెడ వదులుగా ఉండటం వల్ల వాల్చి నిలబెట్టిన బొమ్మ తల దానంతటదే పక్కకు తిరిగిపోతుంది, ప్లాస్టిక్ రకం తెలియదు కాబట్టి ఏ రంగు పడుతుందో, ఏది కరిగిస్తుందో ముందుగా చెప్పలేం. కుంచె పట్టడం నేర్చుకునే రోజుల్లోనూ నకలు వద్దు. వాడిన అసలు మొండేలను, అచ్చు అరిగినవి, గీతలు పడినవి, గుత్తగా కొనుక్కుంటే తక్కువ ధరకే వస్తాయి, బ్రాసోతో అవి మళ్ళీ కొత్తగా మెరుస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏదో ఒక సిరీస్ మొత్తాన్ని కొనే పని పెట్టుకోకుండా, మన ఛాయకు సరిపోయే రెండు తలలు, అదే రంగు పిడికిళ్ళు, అచ్చులేని మూడు నాలుగు మొండేలు, నలుపు, గోధుమ, తెలుపు కాళ్ళు ఒక్కో జత, ఒక ఏటవాలు లంగా భాగం తెప్పించుకుంటే సరిపోతుంది. రెండువైపులా ముఖం అచ్చువేసిన తల అయితే ఇంకా లాభం, ఒకే బొమ్మ నవ్వుతూనూ కోపంగానూ కనబడుతుంది. అయితే రెండో ముఖం కనబడకుండా వెనకభాగాన్ని కప్పే జుట్టు దానికి తోడుగా కొనాలి. పెట్టెలో వచ్చే నల్లటి చిన్న పీఠాన్ని మాత్రం పారేయకండి. దాని మీద బొమ్మను బిగించి, పీఠాన్ని మట్టిలో పూడ్చితే ఆరుబయట గాలికి కూడా బొమ్మ కదలకుండా నిలబడుతుంది.