బస్తా ఒకటే, పూత వేరు: ఏడేళ్ల వాడకం తర్వాత మా ఇంటి టైళ్లు

మా ఇల్లు ఒంగోలులో. కింది అంతస్తుకు 2013లో ఇసుక, సిమెంటుతోనే టైళ్లు వేయించాం. పై అంతస్తుకు 2018లో బస్తాల్లో వచ్చే టైల్ గమ్ము వాడాం. చీమకుర్తి గ్రానైటును పక్కన పెట్టుకుని గుజరాత్ టైళ్లు తెప్పించావా అని మా బావమరిది ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు. గమ్ము ఎలా పనిచేసిందని అడిగేవాళ్లకు మాత్రం నా దగ్గర రెండు జవాబులున్నాయి. హాల్లో ఏడేళ్లుగా కదల్లేదు, మెదల్లేదు. స్నానాల గదిలో మూడేళ్లకే చేతులెత్తేసింది. రెండు చోట్లా వాడింది ఒకే రకం గమ్ము, ఒకే రోజు ఆటోలో దిగిన బస్తాలు.

పైన ముందు మొదలుపెట్టింది స్నానాల గది. నేను బడికి వెళ్లి వచ్చేసరికి మూడు గోడలు పూర్తయ్యాయి. పైకి చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. కుళాయి పైపును రెండంగుళాలు జరపాల్సి వచ్చి ఒక టైలు ఊడదీయించాను. దాని వెనక మూలల దగ్గర నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి. మిగతా అంతా కడిగిన పళ్లెంలా శుభ్రంగా ఉంది. ఫ్యాక్టరీలో అంటిన తెల్లపొడిని కూడా ఎవరూ తుడవలేదు.

"గోడ వంకరగా ఉంది సార్. ముద్దలైతే మట్టం సరిచేసుకోవచ్చు" అన్నాడు మేస్త్రి.

అందులో అబద్ధం లేదు. ముద్ద ఎంత లావైతే గోడ వంకర అంత బాగా దాగుతుంది. నేను లెక్కల మాస్టారిని, ఊరుకోలేక అక్కడే టేపు పెట్టి కొలిచాను. 12 అంగుళాలకు 18 అంగుళాల టైలు, అంటే 216 చదరపు అంగుళాలు. ఒక్కో ముద్ద నొక్కుకుని మూడంగుళాల బిళ్ల అయింది. ఐదూ కలిపితే 35 చదరపు అంగుళాలు. టైలులో ఆరో వంతు కూడా అంటుకోలేదు. అమెరికా టైళ్ల ప్రమాణాల ప్రకారం పొడి చోట కనీసం 80 శాతం, నీళ్లు తగిలే చోట 95 శాతం గమ్ము తగలాలి, అదీ మూలలకూ అంచులకూ అందేలా. అది తెలిసి కూడా ఆ గోడలను అలాగే వదిలేశాను. గృహప్రవేశానికి పదకొండు రోజులే ఉంది, చేతిలో డబ్బూ అడుగంటింది.

హాలు దగ్గర మాత్రం పట్టుబట్టాను. గమ్ము పరిచాక పళ్లున్న తాపీతో గీతలన్నీ ఒకే వైపు లాగమన్నాను. గుండ్రంగా తిప్పి గీస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. గీతలు తిన్నగా ఉంటే టైలును నొక్కి, గీతలకు అడ్డంగా అటూ ఇటూ జరిపినప్పుడు గట్లు పడిపోయి గాడులు నిండుతాయి, గాలి పక్కలనుంచి పోతుంది. టైలు వీపును తడిగుడ్డతో తుడిచి, దానికీ పలచగా ఒక పూత రాయించాను. రెండడుగుల విట్రిఫైడ్ టైలు నీటిని అర శాతం మించి పీల్చదు కాబట్టి, సిమెంటు పాలు దాని వీపులోకి దిగి పట్టుకోవడమనేది ఉండదు. మా కింది అంతస్తులో జరిగిన పొరపాటు అదే.

పదో టైలుకు ఒకసారి ఎత్తి చూపించమన్నాను. మేస్త్రికి చిర్రెత్తింది. మొదటిసారి ఎత్తినప్పుడు ఒక మూల అరచేయంత ఖాళీ కనిపించింది. ఆయనే తాపీ పళ్లను ఒకసారి చూసుకుని, ఆరు మిల్లీమీటర్లది పక్కన పడేసి పది మిల్లీమీటర్లది తెప్పించాడు. ఆ తర్వాత ఎత్తిన టైలు ఒక పట్టాన రాలేదు. చప్ మంటూ బురదలోంచి కాలు లాగినట్టు వచ్చింది, వీపంతా బూడిద రంగు. ఆ చప్పుడు విన్నాక ఆయన నాతో వాదించడం మానేశాడు.

ఇక ఏడేళ్ల సంగతి. స్నానాల గదిలో తువ్వాలు కొక్కెం కోసం 2021లో డ్రిల్లు పెడితే టైలు మూల పలక ముక్కలా విరిగింది, వెనక బోలుగా ఉంది. అప్పటికే అవతలి పడకగదిలో రంగు పొక్కులు లేస్తోంది. టైళ్ల మధ్య సందుల్లో నింపిన గ్రౌటు గుండా దిగిన నీళ్లు ముద్దల మధ్య ఖాళీల్లో తిరుగుతున్నాయన్నమాట. మరుసటి ఏడాది మే నెలలో, మిట్టమధ్యాహ్నం, కింది హాల్లో కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. వెళ్లి చూస్తే రెండు టైళ్లు ఒకదానికొకటి ఆనుకుని పూరిపాకలా లేచి ఉన్నాయి. పట్టు లేదు, సందులూ వదలలేదు, ఎండకు సాగిన టైలు ఎటు పోతుంది? పైన రెండు మిల్లీమీటర్ల సందులు పెట్టించాం, గోడ వారగా కాస్త ఖాళీ వదిలి స్కర్టింగుతో, అంటే గోడ అడుగున అంటించే పట్టీతో కప్పాం. ఆ పై హాల్లో మా ఆవిడ చేతిలోంచి పచ్చడిబండ జారిపడితే చిన్న పెచ్చు లేచింది, అంతే.

లోపాలూ ఉన్నాయి. పూత పలచన కాబట్టి వంకర గోడలు దాగవు, ముందే గోడ ప్లాస్టరింగు సరిచేయించాలి. ఆ ఖర్చు అదనం. మాకు 20 కిలోల బస్తా 50 చదరపు అడుగులకు కాస్త అటూ ఇటూగా వచ్చింది, ముద్దలైతే ఇంకా చాలా దూరం లాగేవాళ్లు. అడుగుల లెక్కన పనిచేసే మేస్త్రి ఇలా చేయడు, మేము రోజుకూలికి మార్చుకున్నాం. ఒకసారి పైప్ కోసం పైన రెండు టైళ్లు తీయాల్సి వస్తే ఉలితో పొడిపొడి చేస్తే గానీ రాలేదు. కింద మాత్రం స్క్రూడ్రైవరు మొన చాలు.

పై హాల్లో నాణెంతో తట్టి చూస్తే ఒక్క టైలు గుల్లగా మోగుతుంది, బాల్కనీ తలుపు పక్కది. అక్కడ గమ్ము పరిచాక భోజనానికి లేచారు. పైన ఫ్యాను తిరుగుతోంది. వచ్చాక మేస్త్రి వేలు పెట్టి చూసి, "పొర కట్టింది సార్, గీకేసి మళ్లీ పరుస్తాను" అన్నాడు. సాయంత్రంలోగా తలుపు బిగించాలి, పర్వాలేదు వేసేయమన్నది నేనే.