విశాఖ బడిలో సెన్సరీ గది: ఏవి నిలిచాయి, ఏవి మూలనపడ్డాయి

సెన్సరీ గది అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఊగుతూ, తాకుతూ, వెలుగులు చూస్తూ కుదుటపడే గది. దాని కేటలాగుల్లో ముందు కనబడేవి బుడగల గొట్టం (బుడగలు పైకి తేలే నీళ్ల స్తంభం), ఫైబర్ ఆప్టిక్ తీగలు (వెలుగు మోసే సన్నని పోగులు), రంగుల ప్రొజెక్టర్. 1970లలో నెదర్లాండ్స్‌లో మొదలైన స్నూజెలెన్ అనే ఇలాంటి గదుల నుంచి వచ్చిన సామాను అది. ఆటిజం, ఏడీహెచ్‌డీ, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలతో ఏళ్ల తరబడి వాడాక మా మాట ఇది: డబ్బు ముందు పైన ఉయ్యాల వేలాడే కొక్కేనికీ, కిందున్న మ్యాట్‌కీ పెట్టండి. దీపాల సంగతి తర్వాత. పిల్లలు రోజూ వెతుక్కుంటూ వచ్చేది ఊగడానికీ, గట్టిగా అదుముకోవడానికీ.

ఉయ్యాల బిగించడంలో పిల్లవాడి బరువొక్కటే లెక్క కట్టకూడదు. ఊగేటప్పుడు కొక్కెం మీద పడే లోడు దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది, దూకితే ఇంకా ఎక్కువ. ఫాల్స్ సీలింగ్‌కి వేలాడదీయడం మాటే వద్దు. బీచ్‌కి దగ్గరున్న పాత భవనాల్లో శ్లాబులోని ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు ఊడటం ఈ ఊళ్లో అందరూ చూసేదే. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి ఫలానా చోట అని గుర్తు పెట్టాకే డ్రిల్లు పట్టాలి. ఆయన వద్దంటే నేల మీద నిలిచే స్టీలు ఫ్రేము కొనుక్కోవడం మేలు.

బోల్టు, స్వివెల్ (ఉయ్యాల మెలితిరగకుండా తిరిగే కీలు), కారబైనర్ (స్ప్రింగు గేటున్న లోహపు కొక్కెం) మూడూ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. మన ఉప్పుగాలికి 304 గ్రేడుకి కూడా గోధుమరంగు మచ్చలు వస్తాయి. జింకు పూత వాటికైతే పూత అరిగిన చోట తుప్పు మొదలవుతుంది, అదీ స్వివెల్ లోపల, కంటికి ఆనని చోట. కిర్రుమంటే నూనె చుక్క వేసి సరిపెట్టకండి, మార్చేయండి. నెలకోసారి అంతా కిందికి దింపి, కారబైనర్ లోపలి వంపుని వేలితో తడమాలి. గోరుకి గాడి తగిలిందంటే దాని పని అయిపోయినట్టే. తాడు ముడి దగ్గర నూలుపోగులు లేచినా అంతే. ఉయ్యాల చుట్టూ నాలుగు వైపులా నాలుగడుగులైనా ఖాళీ ఉండాలి. నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊపితే చాలామంది పిల్లలు కుదుటపడతారు, గిరగిరా తిప్పితే రెచ్చిపోతారు. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా, వికారంగా కనిపించినా వెంటనే ఆపాలి.

రెక్సిన్ తొడుగు మ్యాట్లు గట్టివే, తుడవడం సులువు. వాటి శత్రువు అడుగున చేరే చెమ్మ. పరిచినవి పరిచినట్టే వదిలేస్తే వానాకాలంలో నల్ల బూజు పడుతుంది, ఆ వాసన తగిలిన పిల్లలు ఆ మూలకే పోరు. సాయంత్రం ఆయా వాటిని గోడకి నిలబెట్టాలి. ఉక్కపోత రోజుల్లో రెక్సిన్ ఒంటికి అతుక్కుంటుంది కనుక పైన నూలు దుప్పటి వేయండి.

బరువు దుప్పటి (ఒంటిని అదిమేలా లోపల బరువు నింపి కుట్టినది) ఈ ఊరి వేడికి పనికిరాలేదు. దాని బదులు ఒళ్లో పెట్టుకునే బరువు సంచి బాగా నిలిచింది. మందపాటి కోరా గుడ్డతో, చిన్న చిన్న గళ్లుగా కుట్టి, కడిగి ఎండబెట్టిన చింతపిక్కలు నింపాలి. బియ్యం, పెసలు నింపితే పురుగు పడుతుంది. సంచి మీద సంచి, రెండు వరసల కుట్టు తప్పనిసరి. కొరికే పిల్లవాడికి ఒక్క పిక్క చాలు, గొంతుకి అడ్డుపడటానికి. బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదు, తనంతట తను తీసి పక్కన పెట్టగలగాలి. ఊపిరి, గుండె ఇబ్బందులుంటే డాక్టరు సరేననే దాకా వాడొద్దు.

ఇక బుడగల గొట్టం. అందంగా ఉంటుంది, చూపు నిలపని పిల్లలు కూడా దాని ముందు ఆగుతారు. అయితే చాకిరీ ఎక్కువ. 15 సెంటీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మీటర్ల ఎత్తుంటే దాదాపు 26 లీటర్ల నీళ్లు పడతాయి. కుళాయి నీళ్లు పోస్తే తెల్లటి చారలు కడతాయి, డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఎండ తగిలే చోట పెడితే పాచి పడుతుంది. కరెంటు పోయినప్పుడు నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) సరిగా మూసుకోకపోతే నీళ్లు వెనక్కి దిగి గాలి పంపుని తినేస్తాయి. కొనే ముందే ఆ వాల్వు విడిగా దొరుకుతుందా అని అడగండి. పై అంచుని గోడకి క్లాంపుతో బిగించకుండా స్విచ్ వేయొద్దు. వెనక అద్దం యాక్రిలిక్‌దే ఉండాలి, గాజు వద్దు.

ఫైబర్ ఆప్టిక్ తీగల్లో కరెంటు ఉండదు, పట్టుకోవడానికి భయం లేదు. దాని లైటు పెట్టె ఫ్యాను రొదకి చెవులు మూసుకునే పిల్లలుంటారు, కొనే ముందు ఆన్ చేసి వినండి.

దీపాల్లో ఒక ప్రమాదం చాలామందికి తట్టదు. సీలింగ్ ఫ్యాను రెక్కలు బల్బు కింద తిరిగితే గదంతా మినుకుమినుకుమంటుంది. ఫిట్స్ వచ్చే పిల్లల్లో కొందరికి అలాంటి వెలుగు హాని, సెకనుకి 3 నుంచి 30 సార్ల దాకా మెరిసేవి మరీను. దీపాలు ఫ్యాను కంటే కిందుగా, గోడలకి పెట్టండి. ప్రొజెక్టర్లో ఫ్లాష్ మోడ్ తీసేయడానికి వీల్లేకపోతే అది కొనొద్దు.

బంతుల తొట్టి మేం తీసేశాం. నాలుగడుగుల చదరం తొట్టిలో అడుగు లోతుకి ఏడు సెంటీమీటర్ల బంతులు 1,400 పైచిలుకు కావాలి. చొంగ పడిన అన్ని బంతుల్నీ ఎవరు కడుగుతారు?

చేతికిచ్చే వస్తువుల్లో ఏటికొప్పాక గిలక్కాయలు మాకు నచ్చాయి. అంకుడు కర్ర, లక్క పూత, సహజ రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నున్నగా చేతిలో ఇముడుతాయి. నోట్లో పట్టేంత చిన్నవి మాత్రం ఏరి పక్కన పెట్టండి, పూత పెచ్చులూడితే తీసేయండి.

గదిలో ఒక్కసారికి ఇద్దరికి మించి వద్దు, పదిహేను ఇరవై నిమిషాలు చాలు. అల్లరి చేస్తే గది బంద్ అని బెదిరించడం ఎవరూ చేయకూడదు, అల్లరి చేసిన రోజే ఆ పిల్లవాడికి ఉయ్యాల ఎక్కువ అవసరం. ఎవరికి ఏది, ఎంతసేపు అన్నది ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడంలో పిల్లలకి శిక్షణ ఇచ్చే నిపుణులు) రాసివ్వాలి. ఆ కాగితం తలుపు లోపలి వైపు అంటిస్తే, టీచరు సెలవు పెట్టిన రోజు కూడా ఆయా చూసుకోగలదు.