పది గంటలు ఒకేసారా, 7-3 స్ప్లిట్టా? ట్రక్కులో నిద్రకి ఏది మేలు

అమెరికాలో కొత్తగా సీడీఎల్ (పెద్ద ట్రక్కుల లైసెన్సు) తీసుకుని లాంగ్ హాల్‌కి, అంటే దూరప్రయాణాల లోడ్లకి, వస్తున్న మన తమ్ముళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే: రూలు ప్రకారం తీసుకోవాల్సిన పది గంటల రెస్ట్ ఒకేసారి తీసుకోవాలా, కనీసం ఏడు, మూడు గంటల రెండు ముక్కలుగా (స్ప్లిట్) తీసుకోవాలా అని. నా మట్టుకు పది గంటలు ఒకేసారి తీసుకోవడమే మేలు, స్ప్లిట్ అనేది డాక్ (లోడ్ దించే చోటు) దగ్గర ఇరుక్కున్న రోజుకే.

ట్రక్కుల రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ లెక్క ఇదీ, పది గంటల రెస్ట్ తర్వాత డ్యూటీ ఎక్కగానే 14 గంటల గడియారం మొదలు, అందులో డ్రైవింగ్ 11. మధ్యలో కునుకు తీసినా ఆ 14 ఆగదు. స్ప్లిట్ పనికొచ్చేది ఇక్కడే. పొద్దున 6కి బయల్దేరి 11కి వేర్‌హౌస్ చేరావనుకో, ట్రైలర్ ఖాళీ చేసేసరికి మధ్యాహ్నం 3 అయింది. మామూలుగా అయితే రాత్రి 8కి బండి ఆపెయ్యాలి, ఆరు గంటల డ్రైవింగ్ మిగిలున్నా ఐదే దక్కుతుంది. అదే ఆ నాలుగు గంటలూ ఆఫ్ డ్యూటీలో ఉండి, తర్వాత స్లీపర్‌లో (క్యాబిన్ వెనక పడక) కనీసం 7 గంటలు పడుకుంటే ఆ నాలుగూ 14లో లెక్కకి రావు, రాత్రి 9 దాకా నడపొచ్చు. 2020 సెప్టెంబర్ ముందు ఈ వెసులుబాటు లేదు, చిన్న బ్రేక్ కూడా 14లోనే పోయేది.

కానీ తెల్లవారి 4కి లేచాక డ్రైవింగ్‌కి కొత్తగా 11 గంటలు వచ్చాయనుకుంటారు చూడు, అక్కడే వయొలేషన్ (రూలు తప్పినట్టు) పడుతుంది. లెక్క ముందురోజు మధ్యాహ్నం 3 నుంచి, అప్పటి నుంచి ఆరు గంటలు నడిపేశావు, మిగిలింది ఐదే.

నేను వరసగా మూడు రోజులు స్ప్లిట్ మీద నడిపా. మూడోరోజు తెల్లవారుజామున టైరు రంబుల్ స్ట్రిప్ (రోడ్డు అంచున గరుకు గీతలు) ఎక్కి గర్రుమంటే గానీ కళ్ళు మూతపడ్డాయని తెలీలేదు, ఫ్లాస్కులో టీ ఇంకా వేడిగానే ఉంది. ఏడు గంటలంటే పేరుకే, మొహం కడుక్కుని ఇంటికి ఫోన్ చేసి పడుకునేసరికి ఐదున్నర మిగుల్తాయి.

ఇంకోటి పార్కింగ్. రాత్రి 9కి ట్రక్ స్టాప్‌లో చోటుండదు. అలా చోటు దొరక్క మూసేసిన పెట్రోల్ బంకులో ఆపుకుని 2009లో హత్యకి గురైన డ్రైవర్ పేరు మీదే 2012లో ట్రక్కుల పార్కింగ్ కోసం జేసన్స్ లా అనే చట్టం వచ్చింది. పొద్దున్నే మొదలెట్టి సాయంత్రం ఐదింటికల్లా ఆగితే ఈ తిప్పలు తక్కువ.

డిస్పాచర్ (కంపెనీలో లోడ్లు అప్పజెప్పేవాడు) "స్ప్లిట్ చేసెయ్, లోడ్ అందుతుంది" అంటే, అలసిపోయి ఉంటే నడపకూడదని రూల్లోనే ఉందని చెప్పు. బెదిరించి నడిపిస్తే కంప్లయింట్ చెయ్యడానికి 2016 నుంచి వేరే రూలుంది, అందుకే ఆ మెసేజులు డిలీట్ చెయ్యకు తమ్ముడూ.