కర్నూలు ఎమర్జెన్సీలో మూడు రంగుల పట్టీలు: నా రేటింగ్ 5కి 3

ఆసుపత్రి పేరు చెప్పి రచ్చ చేయదలుచుకోలేదు. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అంతే. ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరే ఒక సిస్టర్ బీపీ, పల్స్, ఆక్సిజన్ చూసి చేతికి ఎరుపో, పసుపో, ఆకుపచ్చో పట్టీ కడుతుంది. ముందు వచ్చినవాళ్లను కాకుండా, ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ముందు చూడటానికి ఈ ఏర్పాటు. ట్రయాజ్ అంటారు. ఎరుపంటే వెంటనే చూడాలి, పసుపంటే ఆ తర్వాత, ఆకుపచ్చంటే ఆగగలరని. ఢిల్లీ ఎయిమ్స్ పద్ధతిలోనూ ఈ మూడు రంగులే. అమెరికా వాళ్ల ఈఎస్‌ఐలో (ఎమర్జెన్సీ సివియారిటీ ఇండెక్స్ అనే ట్రయాజ్ పద్ధతి), ఇంగ్లండు వాళ్ల మాంచెస్టర్ పద్ధతిలో ఐదేసి మెట్లుంటాయి.

మా అత్తమ్మను డోన్ నుంచి తీసుకెళ్లాం. డెబ్బై దాటిన మనిషి, పాత షుగరు. పొద్దున్నుంచి చెమటలు, కడుపు పైభాగంలో ఉబ్బరం, ఒక వాంతి. "అవ్వా, నొప్పి పదికి ఎంతుంది?" అని సిస్టర్ అడిగింది. పదికి ఎంత అనే లెక్క ఆమెకేం తెలుస్తుంది? "నొప్పేం లేదమ్మా, గ్యాస్ పట్టేసింది" అంది. ఆకుపచ్చ పట్టీ కట్టేశారు. బైకు మీద నుంచి పడి, మోచేయి గీరుకుపోయి కేకలు పెడుతున్న కుర్రాడికి మాత్రం పసుపు!

నేను కొన్నాళ్లు ఏఎన్‌ఎంగా చేశాను కాబట్టి నా కళ్లు చీటీ మీదే ఉన్నాయి. పల్స్ 112 అని ఆ సిస్టరే రాసింది. ఈఎస్‌ఐ అయితే పెద్దవాళ్లకు పల్స్ 100 దాటినా, ఊపిరి నిమిషానికి 20 దాటినా, ఆక్సిజన్ 92 కంటే తగ్గినా పై మెట్టుకు మార్చాలేమో చూడమంటుంది. ఇక్కడ అంకె రాసుకున్నారు, రంగు మాత్రం ముఖం చూసి వేశారు. షుగరున్న ముసలివాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఛాతీ నొప్పి అని వస్తే పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. గ్యాస్ అన్నవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టారు, మధ్యలో మళ్లీ పల్స్ చూసినవాళ్లు లేరు. మా ఆయన గొడవపడితేనే ఈసీజీ తీశారు. అది చూశాక పట్టీ ఎరుపైంది, ఇక పరుగులే పరుగులు. ఆ తర్వాత వైద్యంలో వంక పెట్టడానికి లేదు. డిపాజిట్ కట్టేదాకా ఆపలేదు కూడా.

ఆ సిస్టరుకు పని రాదని మాత్రం అనను. మేమున్నప్పుడే ఒక రైతు నడుచుకుంటూ వచ్చాడు. రాత్రి నేల మీద పడుకుంటే ఏదో కుట్టిందట. వాపు లేదు, నొప్పి లేదు. రిజిస్ట్రేషన్ అబ్బాయి వరుసలో నిలబడమన్నాడు. సిస్టర్ ఆయన కనురెప్పలు వాలుతుండటం చూసి, వెంటనే ఎరుపు కట్టి లోపలికి పంపింది. కట్లపాము కాటు అలాగే ఉంటుంది, రెప్పలతో మొదలై ఊపిరి కండరాల దాకా పోగలదు. ఆమె వెనక గోడకు పాముకాటు చార్టు అతికించి ఉంది మరి. గుండె గురించి అలాంటి కాగితం ఒక్కటీ లేదు.

వెళ్లేవాళ్లు గ్యాస్ అనే మాట ఎత్తకండి. షుగరు ఎన్నేళ్లుగా ఉందో, చెమటలు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పి ఈసీజీ అడగండి. ఆ మెషీన్ పట్టీలు కట్టే బల్ల పక్కనే ఉంది.