మానిటర్ లేకుండానే వైఫై: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ

మేడ మీద ట్యాంకు ఎంత నిండిందో అమ్మకు కింద నుంచే తెలియాలని ఈ చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నాను. 2021లో వచ్చింది, ర్యామ్ 512 ఎంబీ. ఈ పనికి అది చాలా ఎక్కువ.

దీన్ని మానిటర్‌కు కలిపే మినీ హెచ్‌డీఎంఐ కేబుల్ నా దగ్గర లేదు. అందుకే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మెమరీ కార్డు సిద్ధం చేసేటప్పుడే వైఫై పేరు, పాస్‌వర్డ్, దేశం ఇచ్చేసి ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే దారి) ఆన్ చేశాను. అయినా బోర్డు నెట్‌వర్క్‌లోకి రాలేదు. రెండు గంటలు ఒకటే టెన్షన్! తీరా చూస్తే నేనిచ్చింది 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు. ఈ బోర్డు పట్టుకునేది 2.4 మాత్రమే. పేరు మార్చి కార్డు మళ్ళీ రాశాక, కాసేపట్లో రౌటర్ జాబితాలో కనిపించింది. ఎంత సంతోషం వేసిందో!

పాత వీడియోలు చూసి కార్డులోని బూట్ ఫోల్డర్‌లో వైఫై వివరాలుండే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైలు పెట్టకండి. 2023లో వచ్చిన బుక్‌వర్మ్ అనే రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వెర్షన్ నుంచి ఆ పద్ధతి పనిచేయదు, దాని స్థానంలో నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. తర్వాత వైఫై మార్చాలంటే లాగిన్ అయ్యాక సుడో ఎన్‌ఎంటీయూఐ (sudo nmtui) అనే కమాండ్ కొడితే మెనూ తెరుచుకుంటుంది. నాకు ఇదే హాయిగా ఉంది.

సిగ్నల్ మేడ దాకా బాగానే అందుతోంది. ఇనుప డబ్బాలో మాత్రం పెట్టొద్దు, సిగ్నల్ ఆగిపోతుంది. నాది ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో ఉంది. అమ్మ ఇప్పుడు మోటారు ఆపడానికి మెట్లెక్కడం లేదు.